రెండవ అంగడి

(చిప్పుల కంపెనీల విలీనములను గూర్చి యొక పఠనాలయ సభయందు గావించిన యుపన్యాసము)



గోటియంత సిలికాను తునక నేడు ప్రపంచ వాణిజ్యమును శాసించుచున్నది. టెలిఫోనునందు, మోటారుబండియందు, బ్యాంకునందు, ఆసుపత్రియందు నది లేక పని జరుగదు. అట్టి తునకలను చేయు కంపెనీలు ఒకదాని నొకటి కొనుచున్నవని పత్రికలలో చదివినప్పుడు, అది ధనవంతుల బేరము, మనకేల యని పుట త్రిప్పుదుము. ఆ యుదాసీనత తగదని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

విలీనము లన్నియు చెడ్డవని నేననను. నేటి మేలురకపు చిప్పుల కర్మాగార మొక్కటి నిలుపుటకు వేయికోట్ల డాలర్లకు మించిన పెట్టుబడి కావలయును. చిన్నవారు కలిసికొననిదే పెద్దవారి నెదిరింపజాలరు. 2006లో ఏ.ఎమ్.డి. కంపెనీ, తెరమీద బొమ్మలను నడిపించు చిప్పులు చేయు ఏ.టి.ఐ. కంపెనీని 540 కోట్ల డాలర్లకు కొనెను. వారి సరకులు వేరువేరు. ఆ కలయికవలన కొనువానికి అంగడి తగ్గలేదు. ఇంటెల్‌కు నొకప్రక్క, ఎన్విడియాకు వేరొకప్రక్క ప్రతిస్పర్ధి నిలిచెను. కావున విలీనమును తూచుటకు తూనికరాయి యొక్కటే: బేరము కుదరనప్పుడు లేచిపోవుటకు కొనువానికి రెండవ అంగడి మిగిలినదా, లేదా?

ఈ రాతితో మెమరీ చిప్పుల వ్యాపారమును తూచి చూడుడు. 1999లో దక్షిణ కొరియాయందు హ్యుండై, ఎల్.జీ. సంస్థల చిప్పుల శాఖలు ఒక్కటయినవి. ఆ యేటనే జపానునందు హిటాచీ, ఎన్.ఇ.సి. సంస్థలు తమ మెమరీ వ్యాపారములను కలిపినవి. అదియే పిమ్మట ఎల్పీడా యని పేరుపడెను. జర్మనీయందలి కిమోండా 2009లో దివాలా తీసెను. ఎల్పీడా 2012లో దివాలా తీయగా, 2013లో అమెరికా కంపెనీ యగు మైక్రాన్ దానిని కొనెను. తుదకు కంప్యూటర్లలో వాడు డీ-ర్యామ్ చిప్పుల విక్రయమున పదింట తొమ్మిది పాళ్లు శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అను మూటికే దక్కినవి.

ఇందు భయమేమి యందురా? 1999 మొదలు 2002 వరకు, విక్రేతలు పలువురుండగనే, వారిలో కొందరు రహస్యముగా కూడబలుకుకొని ధరలు నిర్ణయించిరి. అమెరికా ప్రభుత్వము నేరము మోపగా, 2005లో శాంసంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు జరిమానా చెల్లించుట కొప్పుకొన్నవి. ఆ కాలపు కుట్రకే ఐరోపా కమిషను 2010లో 33.1 కోట్ల యూరోల జరిమానాలు విధించెను. పలువురుండగనే కూడబలుకుకొనినప్పుడు, ముగ్గురే మిగిలిన పిమ్మట మాటాడుకొనుట కూడ నవసరమా? ఒకరి నొకరు కనిపెట్టి యుండిన చాలును. నేడట్లు జరుగుచున్నదని నేననను. జరుగుట సులభమైనదని మాత్ర మనుచున్నాను. గిరాకి పెరిగి ధర లేచినప్పుడు, కర్మాగారము కట్టి దానిని దింపు నాలుగవవాడు వెంటనే రాజాలడు.

రెండవ యుదాహరణము మరింత సూక్ష్మమైనది. ఇంగ్లండునందు కేంబ్రిడ్జిలో ఆర్మ్ అను సంస్థ కలదు. చిప్పులకు మూలమైన నమూనాలను రచించి, కోరినవారికి రుసుముపై నిచ్చుటవలన నది పేరు గాంచెను. చేతిఫోను లన్నియు దాదాపుగా దాని నమూనాల మీదనే నడుచుచున్నవి. ఆపిల్, క్వాల్‌కామ్, శాంసంగ్, ఎన్విడియా పరస్పరము పోటీదారులే యైనను, అందరికి నా చెరువే యాధారము. 2020 సెప్టెంబరులో ఎన్విడియా ఆ సంస్థను, దాని యజమాని యగు జపాను సాఫ్ట్‌బ్యాంక్ వద్దనుండి, 4,000 కోట్ల డాలర్లకు కొనుట కొప్పందము చేసికొనెను. ఇది ఊరి పొలముల కెల్ల నీరిచ్చు తూమును ఒక రైతు కొనుట వంటిది. అతడు నీరాపనక్కరలేదు, పొరుగువాని మడికి నాలుగు దినము లాలస్యముగా వదలిన చాలును. పైగా ఎవరేమి విత్తబోవుచున్నారో యతనికి ముందే తెలియును. నమూనాలు పుచ్చుకొనువారు తమ రహస్యములను ఆర్మ్‌నకు తెలుపవలసి వచ్చును గదా! ఈ కారణములచేతనే 2021 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను వ్యాజ్యము వేసెను. బ్రిటను, ఐరోపా అధికారులును విచారణకు దిగిరి. 2022 ఫిబ్రవరిలో ఒప్పందము రద్దయ్యెను. అందువలన ఆర్మ్ ఎండిపోలేదు. 2023 సెప్టెంబరులో దాని వాటాలు బహిరంగ విపణిలో అమ్ముడుపోయినవి.

ఇక మన మాట. మన దేశము చిప్పులకై పెక్కుపాళ్లు పరదేశముల మీద నాధారపడియున్నది. ఎక్కడనో రెండు కంపెనీలు కలిసిన, ఆ ధర మన విద్యార్థి కొను ఫోనుమీద పడును. మన 2002 నాటి పోటీ చట్టము సంస్థల యాస్తులను, విక్రయములను చూచియే విలీనములను విచారించుచుండెను. రాబడి యల్పమై, విలువగల నమూనాలున్న సంస్థ ఆ వలనుండి జారిపోవ వీలుండెను. 2023 నాటి సవరణవలన, 2024 సెప్టెంబరు 10 నుండి, 2,000 కోట్ల రూపాయలకు మించిన బేరమును, కొనబడు సంస్థకు మన దేశమున గణనీయమైన వ్యాపారమున్నచో, కాంపిటీషన్ కమిషనునకు ముందుగా తెలుపవలసియున్నది. ఇది మంచి యడుగు. కాని చట్టము వ్రాయుట సగము పనియే.

ధర పెరిగిన పిమ్మట అంగడివానితో తగవులాడుట కంటె, రెండవ అంగడి మూతపడకముందే ప్రశ్నించుట మేలు. ఇకమీద నిట్టి వార్త కనబడినప్పుడు పుట త్రిప్పకుడు. ఎవరి తూము ఎవరి చేతికి పోవుచున్నదని యడుగుడు. అడుగు జనమున్న చోటనే కమిషనులు మేలుకొనియుండును.