నడుమునొప్పి మాటున క్షయ



నడుమునొప్పి ఎరుగని ఇల్లు మన దేశంలో లేదు. బరువులెత్తినందువల్లనో, గంటలకొద్దీ వంగి పనిచేసినందువల్లనో వచ్చే నొప్పి చాలవరకు కొద్ది వారాలలో దానంతట అదే ఉపశమిస్తుంది. అట్టి నొప్పుల నడుమ గుర్తింపబడక సాగిపోయే వ్యాధి ఒకటి ఉన్నది. అది వెన్నెముక క్షయ.

క్షయ అనగానే మనకు దగ్గు స్ఫురిస్తుంది. కాని ఆ సూక్ష్మజీవి ఊపిరితిత్తుల నుండి రక్తం ద్వారా వెన్నుపూసలను చేరగలదు. ఈ రోగికి దగ్గు ఉండకపోవచ్చును. అందుచేతనే ఎవరికీ అనుమానం కలగదు. గూని, కాళ్ల చచ్చుదనం కలిసి రావటాన్ని 1779లో ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించాడు. ఆయన పేరు నేటికీ ఈ వ్యాధికి నిలిచి ఉన్నది. అయితే గూని కనబడేవరకు వేచి ఉండటమంటే, పూస కుంగిపోయేవరకు వేచి ఉండటమే.

అంతకు ముందే కొన్ని సూచనలు కనిపిస్తాయి. విశ్రాంతి తీసుకున్నా తగ్గక వారాల తరబడి సాగే నొప్పి, నిద్ర నుండి లేపే నొప్పి, సాయంకాలపు సన్నని జ్వరం, ఆకలి మందగించటం, బరువు తగ్గటం. పిల్లలలో మరొకటి గమనించవలె: క్రిందపడిన బలపాన్ని తీసుకోవలసివస్తే, ఆ బిడ్డ నడుము వంచడు, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు ముడిచి కూర్చొని తీసుకుంటాడు.

ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తొక్కించే ఆచారం మన పల్లెలలో ఉన్నది. మామూలు నొప్పికి దానివల్ల ఏమి ఒరుగుతుందో గాని, క్షయతో గుల్లబారిన పూసపై అట్టి ఒత్తిడి వెన్నుపాముకే ముప్పు తేగలదు.

కాళ్లు తడబడినా, మూత్రం బిగిసినా లేక అదుపు తప్పినా, తొడల నడుమ స్పర్శ తెలియకపోయినా, కారణం క్షయ అయినా, కంతి అయినా, జారిన పూసమధ్య చక్రమైనా, ఆనాడే ఆసుపత్రికి చేరవలె. తెల్లవారనిమ్మని ఆగరాదు.

తొలిదశలో మామూలు ఎక్స్‌రే నిర్దోషంగానే కనబడవచ్చును, ఎం.ఆర్.ఐ. ముందుగా పట్టుకొంటుంది. చికిత్స విషయంలో మన దేశం లోకానికి దారి చూపిన సందర్భం ఉన్నది. వారణాసిలో డాక్టర్ ఎస్.ఎం. తూలీ తమ 'మధ్యేమార్గ' ఫలితాలను 1975లో ప్రకటించారు: అందరికీ మందులు, అవసరమైనవారికే శస్త్రచికిత్స. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. సాధారణంగా 12 నుండి 18 నెలలు వాడవలసి ఉంటుంది. నొప్పి మాత్రం చాల ముందుగానే తగ్గిపోతుంది. మందులు మధ్యలో మానివేసేవారు ఎక్కువగా మానేది అప్పుడే.