మానిన మోకాలు, మానని బెదురు

రాత్రి పొద్దుపోయాక టీవీ ముందు కూర్చుని యూరప్ ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లు ఇప్పుడు మన సరిహద్దు ఊళ్లలోనూ కనబడుతున్నారు. మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర వాళ్ల మాటలు వింటూ ఉంటాను. "ఫలానావాడికి మళ్లీ మోకాలు పోయిందట" అంటాడొకడు. "వాడింతే, ఎప్పుడూ గాయాలే" అంటాడు రెండోవాడు. అక్కడితో ఆ సంగతి అయిపోతుంది. కానీ ఆ "మళ్లీ" అన్న మాట ఉందే, అది ఆడేవాడి మనసులో ఏం చేస్తుందో మనం అంతగా ఆలోచించం. ఇవాళ ఆ ఒక్క మాట గురించే మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

1999 నవంబరు 21న ఇటలీలో ఇంటర్ మిలాన్ జట్టుకు ఆడుతూ బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో కుడి మోకాలు పట్టుకుని ఆగిపోయాడు. మోకాటి చిప్పను కింది ఎముకతో కలిపే స్నాయువు చిరిగింది. పారిస్‌లో ఆపరేషన్ చేశారు. ఐదు నెలలు కసరత్తులు చేశాడు. 2000 ఏప్రిల్ 12న రోమ్‌లో లాజియో జట్టుతో ఇటాలియన్ కప్పు ఫైనల్. ఆట మధ్యలో అతన్ని మైదానంలోకి దింపారు. ఆరేడు నిమిషాలు గడిచాయో లేదో, బంతితో ముందుకు దూసుకుపోతూ తన ఆటలో పేరుమోసిన ఆ మెలికను వేయబోయాడు. పక్కన ఎవరూ తగల్లేదు, ఎవరూ తన్నలేదు. అదే మోకాలు మడతపడి కుప్పకూలాడు. ఈసారి స్నాయువు పూర్తిగా తెగిపోయింది. స్టేడియంలో వేల మంది ఉండగా అతని కేక అందరికీ వినబడింది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే.

మొదటి గాయానికీ రెండో గాయానికీ తేడా ఇక్కడే ఉంది. మొదటిసారి దెబ్బ తగిలినప్పుడు మనిషి దాన్ని దురదృష్టం అనుకుంటాడు. డాక్టరు ఆరు నెలలంటే క్యాలెండరులో గీతలు గీసుకుంటాడు. రోజూ కొంచెం కొంచెం మెరుగు కనబడుతుంది కాబట్టి ఓపిక పడతాడు. రెండోసారి అదే చోట తెగితే ఇంక క్యాలెండరు మీద నమ్మకం పోతుంది. అప్పుడన్నీ సవ్యంగానే చేశాను కదా, చెప్పినట్టల్లా విన్నాను కదా, అయినా తెగిందేమిటి అన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ ప్రశ్నకు స్కానింగ్‌లో జవాబు దొరకదు.

ఇది ఏ ఒక్కడికో వచ్చే అనుభవం కాదు. యూరప్‌లోని పెద్ద క్లబ్బుల్లో ఆటగాళ్ల గాయాలను యూఎఫా సంస్థ తరఫున 2001 నుంచి ఓ బృందం లెక్క రాసిపెడుతోంది. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరం గాయాలు మొదట్లో మొత్తం గాయాల్లో 12 శాతం ఉండేవి. 2021-22 నాటికి అవి 24 శాతానికి పెరిగాయి. ఆ హామ్‌స్ట్రింగ్ గాయాల్లో 18 శాతం దాకా తిరగబెట్టినవే. అలా తిరగబెట్టిన వాటిలో మూడింట రెండు వంతులకు పైగా, ఆటగాడు మైదానంలోకి తిరిగివచ్చిన రెండు నెలల్లోపే వచ్చాయి. ఇక మోకాటి లోపలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల సంగతి చూస్తే, అన్ని ఆటల వాళ్లనూ కలిపి 2014లో పరిశోధకులు లెక్కకట్టారు. నూటికి 81 మంది ఏదో ఒక ఆటలోకి తిరిగివచ్చారు. మునుపటి స్థాయి అందుకున్నవాళ్లు 65 మంది. పోటీ ఆటల్లోకి తిరిగి రాగలిగినవాళ్లు 55 మందే. అలా రాలేకపోయినవాళ్లలో చాలామందికి మోకాలు బాగానే ఉంది, బలం వచ్చింది. మళ్లీ తెగుతుందేమోనన్న భయం మాత్రం వదల్లేదు.

ఒకసారి పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు. ఆటలో ఆ ఉలికిపాటు కంటికి కనబడదు. ఆటగాడు బంతిని చూడాల్సిన క్షణంలో ఎదుటివాడి బూటును చూస్తాడు. అడుగు పూర్తిగా వెయ్యకుండా కాస్త కుదించి వేస్తాడు. బాగున్న కాలి మీద బరువు ఎక్కువ మోపుతాడు. ఒళ్లు బిగుసుకుంటుంది, చూపు ఇరుకవుతుంది. దాంతో రెండో కాలికి దెబ్బ తగిలే ప్రమాదం పెరుగుతుంది. మానసిక ఒత్తిడికీ క్రీడా గాయాలకూ ఇలాంటి లంకె ఉందని విలియమ్స్, ఆండర్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1988లోనే వివరించారు. అంటే భయం గాయం వెనకాలే రావాలనేమీ లేదు, కొన్నిసార్లు దానికంటే ముందు నడుస్తుంది.

ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు. తెలిసి ఉంటే బాగుండేది. నేను చాలాకాలం ఈ సరిహద్దు ప్రాంతంలోనే హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా పనిచేశాను. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడే కుర్రాడొకడు కబడ్డీ బాగా ఆడేవాడు. ఒక ఏడు మోకాలు బెణికింది. రెండు నెలల తరవాత వచ్చి "బాగైపోయింది సార్" అన్నాడు. నడక బాగుంది, పరుగు బాగుంది. కానీ కూతకు పోయినప్పుడు కుడివైపు తిరగడం మానేశాడు. నేనది చూశాను. చూసి ఏమన్నానంటే, "మగపిల్లాడివి, భయమేంట్రా, దూకు" అన్నాను. దూకాడు. అదే మోకాలు మళ్లీ పోయింది. తరవాత వాడు స్కూలుకు వచ్చాడు గానీ మైదానం వైపు రాలేదు. ఆటల పీరియడ్‌లో తరగతి గదిలోనే కూర్చునేవాడు. ఆ కిటికీ వైపు చూడటానికి నాకు చాలా రోజులు మొహం చెల్లలేదు.

అభిమానంతో నేను అన్న మాటే, వృత్తి ఆటలో డబ్బు అంటుంది, పత్రికలు అంటాయి, గ్యాలరీలు అంటాయి. అక్కడ ఆడకపోతే స్థానం పోతుంది, స్థానం పోతే ఒప్పందం పోతుంది. అందుకని ఆటగాడు నొప్పిని దాచుకుంటాడు. ఇంగ్లండులో టోటెన్‌హామ్ జట్టుకు ఆడిన డారెన్ ఆండర్టన్‌కు గాయాలు ఎక్కువని "సిక్ నోట్" అని పేరు పెట్టారు. మన బళ్లో పిల్లలు తెచ్చే సెలవు చీటీ అన్నమాట. ఇంగ్లండు తరఫున 30 మ్యాచ్‌లు ఆడినవాడతను. 1998 ప్రపంచ కప్పులో కొలంబియా మీద గోలు కూడా కొట్టాడు. అయినా చాలామందికి గుర్తున్నది సెలవు చీటీయే. ఇలాంటి పేరు ఒకసారి అంటుకుంటే, మనిషి తన ఒంటిని తానే శంకించడం మొదలుపెడతాడు.

నొప్పిని లెక్కచెయ్యకుండా ఆడినవాణ్ని మనం మెచ్చుకుంటాం, అందులో తప్పులేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు స్వర్ణ పతకం గెలిచింది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం గారు ముందు వరుసలో ఆడించారు. అతను సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ గోళ్లు కొట్టాడు. గొప్ప ధైర్యమే, ఎవరు కాదంటారు? కానీ అది కొద్ది రోజుల్లో మానిపోయే గాయం. ఆ కథ చెప్పి, మూడు ఆపరేషన్లయిన మోకాలితో ఉన్నవాణ్ని "నువ్వూ అలా ఆడు" అనడం వేరే సంగతి.

అలా అనిపించుకుంటూ బతికిన మనిషి జర్మనీలో సెబాస్టియన్ డైస్లర్. 1980లో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే పెద్ద లీగులోకి వచ్చాడు. అప్పట్లో జర్మనీ జట్టు దిగజారి ఉంది. దాన్ని పైకి తెచ్చేది ఈ కుర్రాడేనని దేశమంతా అనుకుంది. ఇరవై ఏళ్ల పిల్లాడి భుజాల మీద దేశాన్ని పెట్టారన్నమాట. మోకాలు మాటిమాటికీ దెబ్బతినేది. 2002 మే నెలలో ఆస్ట్రియాతో స్నేహపూర్వక మ్యాచ్‌లో మళ్లీ గాయపడి, ఆ ఏటి ప్రపంచ కప్పుకు దూరమయ్యాడు. 2003 నవంబరులో మనోవ్యాకులతతో, అంటే డిప్రెషన్‌తో, మ్యూనిక్‌లో ఆసుపత్రిలో చేరాడు. ఆ సంగతి దాచకుండా చెప్పాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాడు అలా చెప్పడం చాలా అరుదు. కోలుకున్నాడు, మళ్లీ కుంగాడు, మళ్లీ లేచి జాతీయ జట్టులోకి వచ్చాడు. 2006 ప్రపంచ కప్పు సొంత దేశంలోనే. ఆ మార్చిలో మోకాలు మళ్లీ పోయింది. 2006 చివర్లో తిరిగివచ్చి బాయర్న్ మ్యూనిక్ తరఫున కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. 2007 జనవరి 16న, ఇరవై ఏడేళ్ల వయసులో, ఇక ఆడనని ప్రకటించాడు. తన మోకాలి మీద తనకు నమ్మకం లేదన్నది అతను చెప్పిన కారణం.

ఆ మాట జాగ్రత్తగా గమనించండి. మోకాలు బాగాలేదని అనలేదు, నమ్మకం లేదన్నాడు. రొనాల్డో 2011లో ఆట మానేస్తూ, మనసు ఇంకా ఆడాలంటోంది, ఒళ్లే ఒప్పుకోవడం లేదని చెప్పాడు. డైస్లర్‌ది దానికి తలకిందులు. రెంటిలో ఏది బరువైనదో చెప్పడం కష్టం. నన్నడిగితే డైస్లర్‌దే అంటాను. ఎందుకంటే ఒళ్లు ఒప్పుకోనివాడికి లోకం సానుభూతి చూపిస్తుంది, మనసు ఒప్పుకోనివాణ్ని పిరికివాడంటుంది.

2015లో ప్రపంచ ఆటగాళ్ల సంఘం వైద్యులు యూరప్‌లోని ఐదు దేశాల్లో 540 మంది వృత్తి ఆటగాళ్లను ప్రశ్నించారు. నాలుగు వారాలకు మించి ఆట మాన్పించిన గాయాలు మూడు, అంతకన్నా ఎక్కువ తగిలినవాళ్లలో మానసిక బాధలు మిగతావాళ్లకన్నా రెండు నుంచి దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. జట్టంతా మైదానంలో ఉంటే గాయపడ్డవాడు లోపల ఒంటరిగా సైకిలు తొక్కుతుంటాడు. చిన్నప్పటి నుంచి ఆటగాడిగా తప్ప ఇంకేమీ కాకుండా పెరిగినవాడు, ఆట లేనప్పుడు నేనెవరిని అని అడుక్కుంటాడు. ఎదురైన ప్రతివాడూ "ఎప్పుడు వస్తున్నావు?" అనే అడుగుతాడు. ప్రేమతోనే అడుగుతారు. వినేవాడికి మాత్రం అది అప్పులవాడు తలుపు కొట్టినట్టుంటుంది.

మరి దీనికి చికిత్స లేదా అంటే ఉంది. 2008లో ఆస్ట్రేలియాలో కేట్ వెబ్‌స్టర్, ఆమె సహచరులు పన్నెండు ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. మోకాలు మళ్లీ పోతుందని భయంగా ఉందా, ఆడుతుంటే మోకాలి గురించే ఆలోచన వస్తోందా, ఇలాంటి ప్రశ్నలు. కాలి బలాన్ని కొలిచినట్టే మనసు సిద్ధంగా ఉందో లేదో కూడా కొలిచాకే మైదానంలోకి పంపాలని దాని ఉద్దేశం. తరవాత భయపెట్టే కదలికనే ఎంచుకుని, మెల్లగా, ఎదురు ఎవరూ లేకుండా, మళ్లీమళ్లీ చేయిస్తారు. తరవాత ఒకణ్ని నిలబెడతారు, ఆ తరవాత ఇద్దర్ని. నమ్మకం మాటలతో రాదు, వందసార్లు తిరిగినా మోకాలు నిలబడితే వస్తుంది. నేను ఆ కుర్రాడికి చెయ్యాల్సింది ఇదే. తోడు కూడా ముఖ్యం. లండన్‌లోని ఆర్సెనల్ మహిళా జట్టులో 2022 నవంబరు నుంచి 2023 మే లోపల నలుగురు ఆటగత్తెలకు మోకాటి లిగమెంట్లు తెగాయి. అంతమందికి జరగడం దారుణమే. అయినా ఒకరి బాధ ఇంకొకరికి వివరించి చెప్పాల్సిన అవసరం మాత్రం వాళ్లకు లేకపోయింది.

రొనాల్డో దీనికి తనదైన ఉపాయం ఒకటి కనిపెట్టాడు. 2002 ప్రపంచ కప్పులో టర్కీతో సెమీఫైనల్ ముందు అతని కాలు మళ్లీ నొప్పి పెడుతోందని పత్రికలన్నీ అదే పాట. తల గొరిగించుకుని, నుదుటి మీద మాత్రం ముక్కోణంలో జుట్టు ఉంచుకుని వచ్చాడు. చూడటానికి అసహ్యంగా ఉందని తనే తరవాత ఒప్పుకున్నాడు. కానీ అందరూ కాలి సంగతి మరిచిపోయి జుట్టు గురించి మాట్లాడుకున్నారు. అతనికి కావలసిందీ అదే. ఆ మ్యాచ్‌లో ఏకైక గోలు అతనిదే. జూన్ 30న జర్మనీతో ఫైనల్లో రెండు గోళ్లూ అతనివే, టోర్నమెంటు మొత్తంలో ఎనిమిది.

అందరూ ప్రపంచ కప్పులు గెలవరు కనుక ఇంకొకరి సంగతి కూడా చెబుతాను. స్పెయిన్ ఆటగాడు శాంతి కాసోర్లా 2016 అక్టోబరులో ఆర్సెనల్‌కు ఆడుతూ చీలమండ నొప్పితో బయటికి వచ్చాడు. ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసినా పుండు మానలేదు. లోపల సూక్ష్మజీవులు చేరి, మడమను పిక్కతో కలిపే స్నాయువును ఎనిమిది సెంటీమీటర్ల మేర తినేశాయి. ఆటమాట దేవుడెరుగు, కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే అదే చాలనుకోమన్నారు డాక్టర్లు. చీలమండ మీద కప్పడానికి అతని ముంజేతి నుంచి చర్మం తీశారు. ఆ చేతి మీద కూతురి పేరు పచ్చబొట్టుగా ఉంది. ఆ పాప పేరు ఇండియా. ఆ పేరులో సగం చేతి మీద మిగిలింది, సగం కాలికి చేరింది. కాసోర్లా నడిచాడు. 2018లో విల్లారియల్ జట్టుకు ఆడాడు, 2019లో మళ్లీ స్పెయిన్ చొక్కా వేసుకున్నాడు. 2023లో, తాను చిన్నప్పుడు ఆట నేర్చుకున్న ఒవియేడో క్లబ్బుకు, లీగు నిబంధనలు ఒప్పుకునే అతి తక్కువ జీతానికి వెళ్లాడు. 2025 జూన్‌లో ఆ క్లబ్బు ఇరవై నాలుగేళ్ల తరవాత స్పెయిన్ మొదటి శ్రేణి లీగులోకి అడుగుపెట్టింది. దాన్ని తేల్చిన మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టడానికి బంతి దగ్గర నిలబడినవాడు కాసోర్లాయే. నలభై ఏళ్ల వయసు, కాలి మీద సగం పచ్చబొట్టు. గోలు పడింది.