వ్రేలిముద్ర విలువ



యర్రగొండపాలెము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల గ్రామపెద్దలకు నేను నేడు విన్నవింపదలచినది మన బొటనవ్రేలిని గూర్చిన మాట. ఇంత చిన్న విషయమునకు రేడియోలో ప్రసంగ మేల యని మీకు తోచవచ్చును. కాని నేడు బియ్యము, పింఛను, బ్యాంకులోని నిలువ, చేతిలోని సెల్‌ఫోను, పొలము దస్తావేజు, ఇన్నియు ఆ వ్రేలినే ఆశ్రయించుకొని యున్నవి.

మొదట పాతకాలపు పద్ధతిని జ్ఞాపకము చేసికొందము. చదువురాని రైతు అప్పు తీసికొని ప్రామిసరీ నోటు వ్రాయించునప్పుడు, వ్రాతగాడు దానిని మొదటినుండి తుదివరకు పైకి చదివి వినిపించెడివాడు. ఇద్దరు సాక్షులు ప్రక్కన కూర్చుండెడివారు. అటుపిమ్మట ఫలానావాని నిశాని యని వ్రాసి, బొటనవ్రేలికి సిరా పూసి ముద్ర వేయించెడివారు. ఆ పద్ధతిలోను మోసములు లేకపోలేదు. అంకెప్రక్కన సున్న చేర్చిన షావుకార్ల కథలు ప్రతి గ్రామమునను గలవు. అయినను అందొక మేలుండెను. ఒక ముద్ర ఒక కాగితమునకే చెల్లెడిది. బాకీ తీరిననాడు నోటును తిరిగి పుచ్చుకొని చించివేసినచో, ఆ ముద్రయు దానితోనే పోయెడిది.

చరిత్రను చూచినను ఈ ముద్ర పుచ్చుకొనువాని మేలుకొరకే పుట్టినది. 1858లో వంగదేశమునందలి జంగీపూరులో విలియం హెర్షెల్ అను ఇంగ్లీషు అధికారి, రోడ్డు సామగ్రి నిచ్చుటకొప్పుకొన్న కంట్రాక్టుదారు నొకనిచేత ఒడంబడికపై అరచేతి ముద్ర వేయించెను. అతడు రేపు నేనట్లు ఒప్పుకొనలేదని యనకుండుటకే ఆ యేర్పాటు. 1897లో కలకత్తాలో పోలీసువారు వ్రేలిముద్రల కార్యాలయమును నెలకొల్పిరి. ఎదుటివానిని మాటకు కట్టివేయుటకును, నేరస్థుని గుర్తించుటకును ఈ విద్య యేర్పడినదే గాని, ముద్ర వేసినవానిని రక్షించుటకు ఏర్పడినది కాదు.

2010 సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రలోని తెంభలీ గ్రామమున ఆధార్ సంఖ్యల పంపకము మొదలైనది. పది వ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపల గుర్తులను తీసికొని మనిషికి పండ్రెండు అంకెల సంఖ్య నిచ్చిరి. దీనివలన మేలు జరుగలేదని నేను చెప్పను. నల్లమల అంచుననున్న గూడెములవారు పట్టణములోని బ్యాంకునకు పోయి రావలెనన్న ఒకనాటి కూలి పోవును. ఊరికే వచ్చిన బ్యాంకు ప్రతినిధి చిన్న యంత్రముపై వ్రేలు పెట్టించుకొని సొమ్ము చేతికిచ్చుట నిజముగ సౌకర్యమే. కాని ఈ క్రొత్త నిశానికి చదివి వినిపించు వ్రాతగాడు లేడు, సాక్షులు లేరు. వ్రేలు పెట్టుమందురు, ఎందులకో యంత్రము తెరపై నుండును, ఆ తెర మన వైపునకు తిరిగి యుండదు.

దీని ఫలితమును 2017లో దేశము చూచినది. ఆ సంవత్సరము సెల్‌ఫోను గలవారందరును ఆధార్‌తో సిమ్ కార్డును ధ్రువపరచుకొనవలెనని చెప్పగా, జనులు దుకాణములకు పోయి వ్రేలిముద్ర లిచ్చిరి. ఎయిర్‌టెల్ కంపెనీ ఖాతాదారులలో లక్షలకొలది జనుల పేర, ఆ కంపెనీకి చెందిన పేమెంట్స్ బ్యాంకులో వారికి తెలియకయే ఖాతాలు తెరువబడినవి. వంటగ్యాసుపై ప్రభుత్వ మిచ్చు రాయితీ సొమ్ము పాత బ్యాంకునకు పోక ఆ క్రొత్త ఖాతాలలో పడెను. తమ సొమ్ము రాలేదని గృహిణులు మొరపెట్టుకొన్న పిమ్మట సంగతి బయటపడినది. 2017 డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీకిచ్చిన అనుమతిని కొంతకాలము నిలిపివేసెను. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు ఆ పేమెంట్స్ బ్యాంకుపై 5 కోట్ల రూపాయల జరిమానా వేసెను. సొమ్ము తిరిగి వచ్చినది, నిజమే. కాని సిమ్ కొరకు వేసిన నిశాని బ్యాంకు ఖాతాకు చెల్లుట పాతకాలపు ఏ షావుకారునకును సాధ్యము కాలేదు.

ఇక రెండవ సంగతి. క్రయవిక్రయములలో దొంగసంతకములను అరికట్టుటకై, దస్తావేజులకు ఉభయుల ఫొటోలను, వ్రేలిముద్రలను చేర్చవలెనని రిజిస్ట్రేషను చట్టములో 2001లో ఒక నిబంధన చేరినది. ఉద్దేశము మంచిది. పిమ్మట దస్తావేజుల నకళ్లను కంప్యూటరులో నెవరైనను చూచునట్లు చేసిరి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారములో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి దస్తావేజులను దింపుకొని, రబ్బరుస్టాంపులు చేయు యంత్రముతో అందలి వ్రేలిముద్రలకు అచ్చులు పోసి, ఎరుగనివారి పేర వేలకొలది సిమ్ కార్డులు పుట్టించెనని పోలీసులు కనుగొనిరి. 2022లో సైబరాబాదు పోలీసులు మరియొక ముఠాను పట్టుకొనిరి. వీరు మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖ దస్తావేజులనుండియే అచ్చులు తీసి, పొలమమ్మినవారి, కొన్నవారి బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము లాగిరని చెప్పిరి. దస్తావేజులో పేరుండెను, ఆధార్ సంఖ్య యుండెను, ముద్ర యుండెను. ఆ యంత్రమునకు మరేమియు నక్కరలేదు. రహస్యసంఖ్య అడుగదు, ఫోనునకు వచ్చు సంకేతమును అడుగదు.

ఆధార్ భాండాగారమునుండియే ముద్రలు పోయినవని నేననుట లేదు. బీరువా భద్రముగనే యుండవచ్చును. తాళపుచెవి అచ్చు బజారులో దొరకుచున్నప్పుడు బీరువా గట్టిదనము వలన ప్రయోజనమేమి? 2023 ఫిబ్రవరిలో, పెట్టినది ప్రాణముగల వ్రేలా, రబ్బరు ముద్రా యని పరీక్షించు ఏర్పాటు చేసిరి. అది మంచి పని. కాని దొంగ వచ్చిన పిమ్మట వేసిన తలుపు. తాళము పోయిన క్రొత్త తాళము కొనవచ్చును, సంతకము మార్చుకొనవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనుట ఎవరి తరము?

ఇందులోని అన్యాయము నొకదానిని మన ప్రాంతమువా రెరుగుదురు. పలకరాతి గనులలో పనిచేసి, కంది చేలలో పాటుపడి, ముసలితనమున వ్రేళ్ల గీతలరిగిపోయినవాడు చౌకదుకాణమువద్ద నిలుచుండి ఆరుమారులు వ్రేలు పెట్టినను యంత్రము నీవు నీవు కావనును. దొంగ తెచ్చిన రబ్బరు వ్రేలిని మాత్రము ఔననెను. కష్టపడినవాని చేయి చెల్లక, కపటి చేయి చెల్లు సాధనమును పూర్ణముగ నమ్ముట వివేకము కాదు.

చట్టము మనకు కొంత అండగా నున్నది. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా నుండి విశ్రాంతి పొందిన కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో సుప్రీము కోర్టు నాశ్రయించిరి. ఆయనకు తొంబదియేండ్లు దాటిన పిమ్మట, 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ, తన స్వంత సంగతులను తన వశమున నుంచుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ముసలితనమున మనమేమి చేయగలమని యనుకొను పెద్దలు ఆయనను స్మరింపవలెను. 2018 సెప్టెంబరు 26వ తేదీన అదే న్యాయస్థానము, సంక్షేమపథకములకు ఆధార్ చెల్లుననియు, బ్యాంకు ఖాతాకును సిమ్ కార్డునకును దానిని తప్పనిసరి చేయరాదనియు తీర్పు చెప్పెను. 2019 సవరణ ప్రకారము ఇష్టపడి యిచ్చువారు ఇయ్యవచ్చును. ఇష్టము లేనివారు వేరొక గుర్తింపు పత్రమును చూపవచ్చును.

2023లో వచ్చిన సమాచార రక్షణ చట్టము, ఏ పనికొరకు సమ్మతి తీసికొందురో ఆ పనికే వాడవలెననియు, కోరినచో తెలుగులోనే తెలుపవలెననియు, సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చుననియు చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు పదునెనిమిది నెలల పిమ్మటగాని అమలునకు రావు. ప్రభుత్వశాఖలకు అందు పెక్కు మినహాయింపులున్నవి. మార్కాపురపు పలకపై వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచిన పోవును. కంపెనీల కంప్యూటరులో వ్రాయబడినది అంత సులభముగ పోదు. కాబట్టి చట్టమును నమ్ముకొని ఏమరియుండరాదు.

మనము చేయదగిన పనులు కొన్ని గలవు. వ్రేలు పెట్టుటకు ముందు ఇది ఎందులకని అడుగుడు. తెరను మనుమనిచేతనో, మనుమరాలిచేతనో చదివించుకొనుడు. ముద్ర పడలేదని మరల పెట్టుమన్నచో, మొదటిది పడెనో లేదో బ్యాంకు పుస్తకములో పిమ్మట సరిచూచుకొనుడు. ప్రతి సొమ్మునకును రసీదు పుచ్చుకొనుడు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో వ్రేలిముద్రలకు తాళము వేసికొను వీలు గలదు. సందేహములకు 1947 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అయితే చౌకదుకాణమునకు పోవునప్పుడు ఆ తాళమును తీయవలెనని మరువకుడు. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకునకు వ్రాతమూలకముగ తెలుపుడు. లోపము ఖాతాదారునిది గాక మూడు పనిదినములలో తెలిపినచో నష్టము అతనిపై పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తరువు చేసియున్నది. సిగ్గుపడి దాచుకొన్నవాడే నష్టపోవును.

పూర్వము ఊరిలో ఎవరైనను నోటు వ్రాయునప్పుడు సాక్షిగా పెద్దలను పిలిచెడివారు. నేడు పిలుచువారు లేరు. పిలువకున్నను పోయి ప్రక్కన నిలుచుండుడు. చదువురాని పొరుగువాడు యంత్రముపై వ్రేలు పెట్టుచుండగా, నాయనా, ఇది దేనికి అని ఆ యంత్రమువానిని ఒక్కమాట అడుగుడు. న్యాయముగ పనిచేయువాడు జవాబు చెప్పును. జవాబు చెప్పలేనివానికి ముద్ర ఇయ్యనక్కరలేదు.