అంతరిక్షమున తిరుగు గృహము



ఆట వేరు, చదువు వేరు అను తలంపు మనలో అనాదిగా గలదు. పిల్లవాడు పుస్తకము పట్టినచో సంతోషింతుము. ఆటలో మునిగినచో కోపగింతుము. ఈ విభాగము చాలవరకు న్యాయమే. అయినను కొన్ని ఆటలలో చదువు దాగియుండును. చదరంగము బుద్ధికి పదును పెట్టునని పెద్దలెల్లరు ఒప్పుకొన్నదే గదా! నేడు నేను ముచ్చటింపబోవు ఆట కంప్యూటరుపై ఆడునట్టిది. అందు పిల్లలు ఆకాశనౌకలను కట్టి నడుపుదురు. వారిలో కొందరు అంతటితో తృప్తినొందక, అంతరిక్షమున చక్రమువలె తిరుగు నివాసగృహమును కూడ నిర్మింతురు. ఈ పనియందు విద్య యెంత, వట్టి కాలక్షేపమెంత అని విచారించుట నేటి నా యుద్దేశము.

ఆ యాటపేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో నగరమునందలి స్క్వాడ్ అను సంస్థవారు దీనిని 2011 జూన్ మాసమున మొదట లోకమునకు విడిచిరి. 2015 ఏప్రిల్ మాసమున సంపూర్ణ రూపమున వెలువరించిరి. ఇందలి లోకము కల్పితము. కెర్బిన్ అను గ్రహమున కెర్బలులను పచ్చని పొట్టివారు నివసింతురు. ఆ గ్రహపు వ్యాసార్ధము 600 కిలోమీటర్లు మాత్రమే. మన భూమి వ్యాసార్ధము సుమారు 6,371 కిలోమీటర్లు. అయినను నేలమీద బరువు మాత్రము రెండుచోట్లను ఒక్కటే. లోకము కల్పితమైనను అందలి చలనధర్మములు న్యూటన్ మహాశయుడు చెప్పినవే. ఎత్తవలసిన బరువునకు తగిన ఇంధనము లేనిచో నౌక లేవదు. గ్రహమునకు 100 కిలోమీటర్ల ఎత్తున నిలిచి తిరుగవలెనన్న సెకనుకు సుమారు రెండుంబాతిక కిలోమీటర్ల వేగము కావలెను. అది చాలనిచో నౌక మరల నేలగూలును. అచట బ్రతిమాలుటకు గాని సిఫారసునకు గాని తావులేదు.

ఇక తిరుగు గృహమెందులకని తాము అడుగవచ్చును. 2000 నవంబరు మొదలుకొని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున మనుష్యులు ఎడతెగక నివసించుచున్నారు. అది భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నది. అందలివారు గాలిలో తేలుచుందురు. అక్కడ భూమ్యాకర్షణ లేకుండుటయే ఇందుకు కారణమని పలువురు తలంతురు. అది సరికాదు. నేలపైనున్న ఆకర్షణలో పదింట దాదాపు తొమ్మిది పాళ్లు అక్కడను గలదు. మరి తేలుటకు కారణమేమి? నూతిలోనికి దించుచున్న నీళ్లచేదకు త్రాడు తెగినదనుకొనుడు. చేదయు, అందలి నీరును కలిసియే పడును. పడునంతసేపు నీరు చేద అడుగును నొక్కదు. ఆ కేంద్రమును, అందలి మనుష్యులును అట్లే కలిసి పడుచున్నారు. ప్రక్కకు పోవు వేగము మిక్కుటమగుటచే నేలను తాకక భూమిని చుట్టివచ్చుచున్నారు.

తేలుట చూచుటకు వేడుకగానే యుండును. దేహమునకు మాత్రము కీడు. బరువు మోయని ఎముక క్రమముగా బలము కోలుపోవును. తుంటి మొదలగు చోట్ల నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతున ఎముక క్షీణించునని వైద్యులు కొలిచి చూచిరి. అందుచేత అచటివారు దినమునకు సుమారు రెండుగంటలు వ్యాయామము చేయవలసివచ్చుచున్నది. అంగారక గ్రహమునకు పోవలెనన్న ఒక్కవైపు ప్రయాణమునకే ఆరేడు మాసములు పట్టును. దిగిన పిమ్మట నిలువలేని మనుష్యునివలన ప్రయోజనమేమి? కావున పోవునప్పుడే బరువును కల్పించు ఉపాయము కావలెను.

ఆ యుపాయము మనకు తెలియనిది కాదు. చెంబునిండ నీరుపోసి, త్రాడుగట్టి, తలమీదుగా గిరగిర త్రిప్పినచో, చెంబు బోర్లపడినను నీరొలుకదు. నీరు తిన్నగా పోజూచును. చెంబు దానిని వంచి తనతో చుట్టు త్రిప్పును. ఆ పెనుగులాటలో చెంబు అడుగు నీటిని నొక్కుచుండును. నీటికి ఆ అడుగే నేలయైనది. వడిసెలలోని రాయి త్రాటిని లాగుటయు ఇందువలననే. ఇప్పుడు ఒక పెద్ద బండిచక్రమును ఊహింపుడు. దాని అంచును గొట్టముగా చేసి అందు మనుష్యులనుంచి త్రిప్పినచో, బయటి అంచు వారికి నేలయగును. వారి తలలు చక్రనాభివైపునకుండును.

హెర్మన్ పోటోచ్నిక్ అను ఇంజనీరు 1929 నాటి తన గ్రంథమున 30 మీటర్ల వ్యాసముగల ఇట్టి చక్రగృహమును చిత్రించిచూపెను. 1952లో వెర్నర్ వాన్ బ్రౌన్ 250 అడుగుల వ్యాసముగల చక్రమును ప్రతిపాదించెను. 1966 సెప్టెంబరులో జెమిని 11 అను అమెరికా నౌకయందు కాన్రాడ్, గోర్డన్ అను ఇరువురు, తమ నౌకను మరియొక నౌకకు సుమారు 30 మీటర్ల పట్టీతో కట్టి, రెంటిని మెల్లగా త్రిప్పిరి. అందు పుట్టిన బరువు అత్యల్పము. అయినను సూత్రము నిజమని తేలినది. అది మొదలు నేటివరకు మనుష్యులు నివసించు తిరుగు గృహమును ఏ దేశమువారును అంతరిక్షమున నిలుపలేదు. పెద్ద దేశములు చేయని పనిని పిల్లలు ఆటలో చేయబూనుచున్నారు.

మొదట వారికి ఎదురగునది లెక్క. నేలమీది బరువునకు సమానమైన బరువు కావలెనన్న, చక్రపు వ్యాసార్ధము 10 మీటర్లైనచో నిమిషమునకు సుమారు తొమ్మిదిన్నర చుట్లు తిరుగవలెను. 100 మీటర్లైన మూడు చుట్లు చాలును. 225 మీటర్లైన రెండు. 900 మీటర్లైన ఒక్కటి. వ్యాసార్ధము నాలుగింతలైన చుట్లు సగమగును. చిన్నచక్రము కట్టుటకు సులభము. కాని వడిగా తిరుగుటచే అందలివారికి తలతిరుగుడు కలుగును. పైగా 10 మీటర్ల చక్రమున నిలిచిన మనుష్యుని తలయొద్ద బరువు పాదములయొద్దకంటె ఆరింట ఒకవంతు తక్కువ. పెద్దచక్రము సుఖము, కాని దానిని పైకి మోయుటకు ఇంధనమెక్కడిది? సుఖమునకును శక్తికిని నడుమ మేరను పిల్లవాడు తానే నిర్ణయించుకొనవలెను.

రెండవది అతుకు. ఈ యాటలో నౌకను కట్టు కొట్టమొకటి గలదు. అచట ప్రతిభాగమును మరియొక భాగమునకు బిడ్డవలె అతుకబడును. బిడ్డకు తండ్రి ఒక్కడే యుండవలెనని ఆటయొక్క నియమము. చక్రపు అంచును ఒక్కొక్క తునకగా కూర్చుకొని వచ్చినచో, చివరి తునక మొదటిదానిని తాకును గాని దానితో అతుకుకొనదు. దానికి రెండవతండ్రి కూడదు గదా! కంటికి చక్రము పూర్తియైనట్లుండును. త్రిప్పగనే ఆ చోట నోరు తెరచుకొనును. అప్పుడు ఊతకమ్ములతో ఆ రెండు కొనలను బిగించికట్టవలెను. బండిచక్రమునకు ఇనుపపట్టాను కాల్చి తొడుగు వడ్రంగికి దీని అవసరమును ఎవ్వరు చెప్పవలెను? పట్టాలేని చక్రము ఎన్ని ఆకులున్నను విడిపోవును.

మూడవది తూకము. ఈ వ్యవహారమునకెల్ల ఇదియే ప్రాణము. పది టన్నుల గదులు నాలుగు, నాభికి పది మీటర్ల దూరమున నాలుగుదిక్కుల నున్నవనుకొందము. నాభియు ఆకులును తేలికయని తలంతము. చక్రము నాభిచుట్టు చక్కగా తిరుగును. ఇప్పుడు అయిదు టన్నుల క్రొత్తగది యొకటి వచ్చి ఒక కొనను చేరినది. మొత్తము బరువు 45 టన్నులు. బరువుల నడిమిచోటు ఆ వైపునకు ఒక మీటరు పదకొండు సెంటీమీటర్లు జరుగును. అంతరిక్షమున ఇరుసును పట్టియుంచు బండి లేదు. కావున చక్రము నాభిచుట్టుగాక ఆ క్రొత్తచోటి చుట్టు తిరుగును. నాభియే సున్నాలు చుట్టుచుండును. నాభిలోని ద్వారమునకు వచ్చు నౌక ఆ ద్వారమును పట్టుకొనలేదు. అతుకులమీద లాగుడు ఒకవైపు హెచ్చి, ఒక్కొక్కప్పుడు గృహమే ముక్కలగును. మందు ఒక్కటే: ఎదురుకొనను అంతే బరువు నుంచుట. కావడి మోసినవానికి ఇది పాఠముగా చెప్పనక్కరలేదు. ఒక బుట్టలో బరువు పెరిగినచో రెండవదానను పెంచవలెను. లేదా బద్దక్రింద భుజము జరుపవలెను. అంతరిక్షమున జరుపుటకు భుజము లేదు.

త్రిప్పుటయందును జంటధర్మమే. ఒక్క కొనను మాత్రమే నెట్టినచో గృహము తిరుగుటతోబాటు త్రోవయు తప్పును. ఎదురెదురు కొనలను ఎదురెదురు దిక్కులకు సమానముగా నెట్టినచో, ఉన్నచోటనే తిరుగును. ఒకసారి తిరుగసాగిన పిమ్మట ఆపుటకు అచట గాలిలేదు, రాపిడిలేదు.

ఈ యాటలో లోపములును గలవు. వానిని దాచుట ధర్మము కాదు. కాలమును వేగముగా నడుపు మీట యొకటి ఇందు గలదు. మూలరూపమున దానిని గట్టిగా నొక్కినచో, తిరుగుచున్న చక్రము చటుక్కున ఆగిపోవును. ప్రకృతిలో అట్లు జరుగదు. మరియు ఆ కెర్బలులకు ఎముకలు క్షీణించుట లేదు. ఎన్నియేండ్లు తేలినను వారికి కీడు లేదు. అనగా తిరుగు గృహమును కట్టుమని ఆట ఎవ్వరిని అడుగదు. కట్టినవారికి బహుమానమును ఈయదు. అయినను కట్టువారున్నారు. నిజమైన మనుష్యునకు నిజమైన ఎముకలుండునని యెరిగి, ఆట కోరని కష్టమునకు తమంతట పూనుకొనుచున్నారు. మార్కులకొరకు చదువు చదువునకును, తెలిసికొనవలెనను చదువునకును భేదమిదియే. ఏండ్లతరబడి బడిలో పాఠములు చెప్పినవాడను గనుక ఈ రెండవజాతి చదువు ఎంత అరుదో యెరుగుదును.

అట్లని కంప్యూటరుముందు కూర్చున్న ప్రతిబాలుడును విద్యార్థియే యని నేననను. కాలము వృథాచేయువారును గలరు. ఇరువురిని వేరుపరచుట ఎట్లు? కేకలువేయుటకు ముందు, ప్రక్కన కూర్చుండి మూడుప్రశ్నలు అడుగుడు. “నాయనా, నీ చక్రపు వ్యాసార్ధమెంత? నిమిషమునకెన్ని చుట్లు తిరుగును? ఈ గదికి ఎదురుబరువు ఎక్కడ నుంచితివి?” ఉత్తరము చెప్పగలిగినచో వాడు చదువుకొనుచున్నాడు, కొంతసేపు విడిచిపెట్టుడు. చెప్పలేనిచో ఒక చెంబును, త్రాటిని, కావడిబద్దను తెచ్చి పెరటిలోనికి పిలువుడు. ఆ పాఠము చెప్పుటకు కంప్యూటరు ఎరిగియుండ నక్కరలేదు. తమరు ఎరిగినదే చాలును.