ఉప్పుగాలిలో పానాలు: రాచెట్టును, సాకెట్టులను ఎన్నుకొను విధము



గ్రంథాలయ రజతోత్సవమున పానాలను గూర్చి ప్రసంగమేమని పొరుగూరివారికి తోచవచ్చును. జువ్వలదిన్నెలో ఆ సందేహమునకు తావు లేదు. తెరచాపను, తెడ్డును మాత్రమే నమ్ముకొని సంద్రము మీదికి పోయిన కాలము గడచినది. ఫైబరు పడవకు డీజిలు ఇంజనో, పెట్రోలు ఇంజనో ఉండక తప్పదు. 2020 నవంబరులో ఇచ్చటి చేపల రేవునకు శంకుస్థాపన జరిగిన నాటినుండి పెద్ద మరపడవలను గూర్చిన ఆలోచనయు పెరిగినది. ఇంజను ఉన్నచోట నట్టు ఉండును. నట్టు ఉన్నచోట దానిని విప్పు సాధనమును గూర్చి ముందుగనే ఆలోచించిన వాడు ఒడ్డు చేరును.

నడిసంద్రములో డీజిలు గొట్టమున గాలి చేరి ఇంజను ఆగుట తఱచుగా జరుగునదియే. అందునకు చికిత్స చిన్నది. ఫిల్టరు మీది బోల్టును వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురుగు పోయి తేటయైన డీజిలు వచ్చునంతవరకు ఉంచి, తిరిగి బిగించిన చాలును. పది నిమిషముల పని. కాని ఆ బోల్టు తల మూలలు అరిగి గుండ్రమై యున్నచో ఆ పది నిమిషములు ఒక రాత్రియగును. బోల్టు తల గుండ్రమగుట దాని దోషము కాదు. అంతకుముందు ఎన్నడో ఒడ్డున, తొందరలో, సరిపోని పానాతో దానిని త్రిప్పిన చేతి దోషము. సంద్రములో కలిగిన కష్టములలో అనేకములు ఒడ్డునే, దుకాణమునందే, పానా కొన్ననాడే మొదలైనవి.

రాచెట్టు అనగా ఏమి? గోడ గడియారమునకు కీ ఇచ్చునపుడు వినబడు టకటక చప్పుడే దాని తత్త్వము. ఒక పండ్లచక్రము, దానిపై వాలియుండు చిన్న ఇనుప నాలుక. చక్రము ఒక దిక్కునకు తిరుగునే గాని రెండవ దిక్కునకు తిరుగదు. వెంకటగిరి వంటి చేనేత ఊళ్ళలో, నేసిన బట్ట చుట్టుకొను దోనె వెనుకకు జారకుండ పట్టి యుంచునదియు మగ్గములు అనేకములందు ఇట్టి చక్రమే. పిడిని ముందుకు త్రోసినపుడు నట్టు బిగియును; వెనుకకు లాగినపుడు నాలుక పండ్లమీద జారిపోవును, నట్టు కదలదు. పానాను తీసి మరల తొడుగు బాధ తప్పును. అమెరికాలో రిచర్డుసను అనునతడు 1863లో ఇట్టి సాకెట్టు పానాకు పేటెంటు పొందెను. 1920లో మిల్వాకీ నగరమున జోసెఫ్ జాన్సను, విలియం సైడెమన్ అను ఇరువురు, ఒక్కొక్క సాకెట్టుకు ఒక్కొక్క పిడి యేల అని, ఐదు పిడులు పది సాకెట్టులు మార్చి మార్చి తగిలించుకొను కట్టను అమ్మిరి. స్నాప్-ఆన్ అను కంపెనీ దానినుండి పుట్టినదే. చరిత్ర ఇంతకంటె అక్కఱలేదు.

దుకాణదారుడు ముందుగా చెప్పునది పండ్ల లెక్క. 24 పండ్లు గల రాచెట్టునందు నాలుక ఒక పంటినుండి మఱియొక పంటికి పోవుటకు పిడి 15 డిగ్రీలు కదలవలెను; 36 పండ్లకు 10 డిగ్రీలు; 72 పండ్లకు 5 డిగ్రీలు మాత్రమే. ఇరుకు తావున, పిడి కదలుటకు నాలుగు వ్రేళ్ళ చోటు కూడ లేనపుడు, సన్నపండ్ల రాచెట్టు వరము. కావుననే పట్టణపు షెడ్డులలో 72, 90 పండ్లవాటికి గిరాకి. అయితే తీరమున మఱియొక లెక్క కూడ వేయవలెను. పండ్లచక్రము ఒక అంగుళము వ్యాసము గలదనుకొందురేని, దాని చుట్టుకొలత ఇంచుమించు 80 మిల్లీమీటర్లు. 24 పండ్లయినచో పంటికి మూడు మిల్లీమీటర్లకు పైగా చోటు వచ్చును. 72 పండ్లయినచో ఒక మిల్లీమీటరు. ఆ పంటి లోతు ఇసుక రేణువంత యుండును. ఒక్క రేణువు పంటి సందున కూర్చున్నను నాలుక పూర్తిగా దిగదు. దిగని నాలుక బరువు పడినపుడు జారును. జారినపుడు మెకానిక్కు వ్రేళ్ళు ఇంజను దిమ్మకు కొట్టుకొనును. ఇసుకలో మోకాళ్ళూని పని చేయువానికి 36 మొదలు 48 పండ్ల వరకు గల మొరటు రాచెట్టే మేలు. గట్టి నేల, పైకప్పు గల షెడ్డులో పని చేయువాడు సన్నపండ్లదానిని కొనవచ్చును.

పండ్ల లెక్కకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. దానిని దుకాణదారుడు సామాన్యముగా చెప్పడు. రాచెట్టు తల విప్పుటకు వీలుగా ఉన్నదా? వెనుక రెండు స్క్రూలో, ఒక ఇనుప వలయమో ఉండి, వాటిని తీసిన లోపలి చక్రము, నాలుక, స్ప్రింగు బయటికి రావలెను. ఆ లోపలి సామాను విడిగా దొరకవలెను. మూత బిగించి అదిమివేసిన రాచెట్టు ఎంత మెఱసినను ఈ ఊరికి పనికిరాదు. ఏలయన ఉప్పు లోనికి పోక మానదు. పోయినదానిని కడుగుటకు దారి ఉండవలెను.

ఉప్పు సంగతి కొంచెము వివరింపదగినది. సముద్రపు నీటిలో నూటికి మూడున్నర పాళ్ళు ఉప్పు. నీరు ఆరినను ఉప్పు మిగులును. ఆ ఉప్పులో మెగ్నీషియము క్లోరైడు అనునది కలదు; గాలిలో తేమ మూడవ వంతు దాటిన చాలును, అది గాలినుండి నీటిని పీల్చుకొని తడియగును. తీరమున తేమ అంతకు తగ్గు దినము లేదనియే చెప్పవచ్చును. కనుక ఒకసారి సముద్రపు నీరు తగిలిన పానా, మంచినీట కడుగనిచో, ఎండలో పెట్టినను రాత్రికి మరల తడియే. పైన నిగనిగలాడు పూత నికెలు మీద క్రోమియము. అది చెడని నాళ్ళు కాపాడును. సూది మొనంత పగిలినను అచ్చటినుండి తుప్పు అడుగున ప్రాకి, పూత పెచ్చులుగా లేచి చేతిని కోయును. దుకాణమున సాకెట్టు అంచులను, లోపలి మూలలను వెలుతురున చూచి, పూత బొబ్బలెత్తిన దానిని ప్రక్కన పెట్టవలెను.

ఉక్కు మీద క్రోము వెనేడియము అను ముద్ర ఉండును. ముద్ర ఉన్నంత మాత్రమున ఉక్కును సరిగా కాచి చల్లార్చిరని అర్థము కాదు. అదే ఉక్కు, పదును తప్పినచో మైనము వలె సాగును, పదును మించినచో గాజు వలె పగులును. తయారుచేసినవాని పేరు, కొలత, రెండును లోతుగా అచ్చు పడియున్నవానినే కొనుట మంచిది. పేరు వేసినవాడు రేపు మాట పడవలసినవాడు. మన దేశమున జలంధరు, లూథియానా, నాసికు ప్రాంతములనుండి మంచి చేతిపనిముట్లు వచ్చుచున్నవి; విదేశపు పేరే కావలెనను నియమము లేదు. పంక్చరు దుకాణములలో గాలిగన్నుకు తగిలించు నల్లని సాకెట్టుల ఉక్కు వేఱు, అవి దెబ్బను ఓర్చును. మెఱయు చేతిసాకెట్టును గన్నుకు తగిలించిన అది పగిలి కంటిలో పడవచ్చును.

చదరపు మొన కొలతలలో మూడు ఇంటికిని షెడ్డుకును చాలును: పావు అంగుళము, మూడెనిమిదవ వంతు, అర అంగుళము. జర్మను ప్రమాణము ప్రకారము పావు అంగుళపు రాచెట్టు 62, మూడెనిమిదవ వంతుది 202, అర అంగుళముది 512 న్యూటన్ మీటర్ల మెలిని ఓర్చి పరీక్షలో నెగ్గవలెను. ఈ అంకెకు అర్థము చేతితో తెలియును. అర అంగుళపు రాచెట్టు పిడి పావు మీటరు పొడవనుకొనిన, దాని చివర 30 కిలోల బరువుతో లాగువాడు సుమారు 75 న్యూటన్ మీటర్లు పుట్టించును. రాచెట్టుకు అది లెక్కలోనిది కాదు. నట్టు కదలలేదని పిడికి మీటరు పొడవు ఇనుప గొట్టము తొడిగి, 60 కిలోల యువకుడు దానిమీద వ్రేలాడినచో అది 600 దగ్గరకు పోవును. చక్రము పండ్లు విఱుగునది అప్పుడే. విఱిగిన పిమ్మట కంపెనీని తిట్టుదురు. బిగిసిన నట్టును మొదట కదల్చుటకు సెట్టులో వచ్చు ఎల్ హ్యాండిలును గాని, టీ హ్యాండిలును గాని వాడవలెను. వాటిలో విఱుగుటకు పండ్లు లేవు. నట్టు వదులైన తరువాత రాచెట్టు వంతు.

సాకెట్టు లోపల ఆరు మూలలు ఉన్నవి కొన్ని, పండ్రెండు మూలలు ఉన్నవి కొన్ని. పండ్రెండు మూలలది ఏ కోణమునుండి అయినను త్వరగా తగులుకొనును. కాని ఒక్కొక్క మూలను పట్టు భాగము తక్కువ. తుప్పుపట్టి మూలలు అరిగిన నట్టుల ఊరిలో ఆరు మూలలదియే శరణ్యము. అందును, లోపలి మూలలను కొంచెము గుండ్రముగా తీర్చి, బరువు నట్టు మూల మీద గాక చదునుమీద పడునట్లు చేసినవి దొరకుచున్నవి. అవి నాలుగు రూకలు ఎక్కువైనను కొనదగినవి.

ఇక కొలతలు. చిక్కంతయు ఇచ్చటనే. 1956లో కొలతల చట్టము వచ్చి మెట్రిక్ పద్ధతి దేశమున నెలకొన్నను, నట్టులు అన్నియు ఒక్క మాట మీద లేవు. 10 మిల్లీమీటర్ల బోల్టుకు పాత జర్మను పద్ధతిలో 17 పానా, కొత్త అంతర్జాతీయ పద్ధతిలో 16, జపాను పద్ధతిలో 14. కావున జపాను ఔట్‌బోర్డు ఇంజనుకు 10, 12, 14, 17 ముఖ్యము. డీజిలు ఇంజనుకు 10, 13, 17, 19, 22, 24 ముఖ్యము. అంగుళపు నట్టులు ఇంకను అక్కడక్కడ ఉన్నవి. మూడు పావుల అంగుళము 19.05 మిల్లీమీటర్లు, కనుక 19 సాకెట్టు దానికి సరిపోవును. అర అంగుళము 12.7 మాత్రమే, దానికి 13 తొడిగినవాడు మూలలను తానే గుండ్రము చేయుచున్నాడు. ప్రక్కనున్న బిట్రగుంటలో ఆవిరి ఇంజనులు నడచిన నాటి విట్‌వర్తు పానా ఎవరి పెట్టెలోనైన మిగిలియున్నచో, దానిమీది అర అంగుళపు అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. పానా నోరు ఇంచుమించు 23 మిల్లీమీటర్లు ఉండును. ఇది తెలియక దానిని పనికిమాలినదని పాత ఇనుముకు అమ్ముదురు.

నలుబది ఆరు ముక్కల పెట్టె, నూట ఎనిమిది ముక్కల పెట్టె అని దుకాణములలో పిలిచి అమ్ముదురు. అందులో సగము ఎన్నడును వాడనివి. ఆ సగము కొఱకు తక్కిన సగము నాసిగా చేయబడినది. తన ఇంజను నట్టులను ఒక ఆదివారము కొలిచి వ్రాసికొని, ఆ కాగితముతో నెల్లూరో కావలియో పోయి, ఒక మంచి అర అంగుళపు రాచెట్టు, ఒక ఎల్ హ్యాండిలు, రెండు ఎక్స్‌టెన్షనులు, ఎనిమిది సాకెట్టులు విడిగా కొన్నవాడు ఆ సొమ్ముతోనే పదేండ్లకు నిశ్చింతుడగును. సాకెట్టు కొన్నందువలన మామూలు పానాను పాఱవేయరాదు. ఇంజెక్టరు గొట్టపు నట్టుకు నడుమనుండి గొట్టము పోవుచుండును; దానికి సాకెట్టు తొడుగుట అసాధ్యము.

ఇంటి సంగతి క్లుప్తము. నీటి మోటారు, సైకిలు, మోటారు సైకిలు, కుట్టుమిషను బల్ల: వీటికి మూడెనిమిదవ వంతు రాచెట్టు, 8 మొదలు 19 వరకు సాకెట్టులు, స్పార్కు ప్లగ్గునకు తగిన పొడుగు సాకెట్టు ఒకటి చాలును. సైకిలు వెనుక చక్రపు నట్టు 15 అనునది జ్ఞాపకముంచుకొనిన మంచిది. చాల సెట్టులలో అది ఉండదు.

దుకాణమున పరీక్ష చెవితోను, వ్రేళ్ళతోను జరుగును. చదరపు మొనను రెండు వ్రేళ్ళతో మెల్లగా పూర్తి చుట్టు త్రిప్పవలెను. ప్రతి పంటి చప్పుడు ఒకటే తీరున వినబడవలెను. దిక్కు మార్చు మీట తనంతట జారరాదు. కొత్త బోల్టు ఒకటి జేబులో తీసికొనిపోయి సాకెట్టును దానిపై పెట్టి ఊపిన, ఆట ఎంతయో తెలిసిపోవును. బోల్టు తెచ్చినవానికి దుకాణదారుడు నాసి సరకు చూపడు.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము. ఇంజనులు విప్పునది ఆ దినములలోనే. అప్పుడు ఒక పనిముట్టు కొఱత బయటపడును: ఎంత బలముతో బిగించినది కొలిచి చెప్పు టార్కు పానా. ఇంజను హెడ్డు బోల్టులను చేతి అందాజున బిగించిన, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయి, వేట మొదలైన వారమునకే గాస్కెట్టు కాలును. ఏటికి ఒకటి రెండు దినములు మాత్రమే అక్కఱపడు వస్తువును ప్రతి ఇల్లు కొనుట వృథా వ్యయము. అమెరికాలోని బర్క్లీ పట్టణ గ్రంథాలయము 1979 నుండి పుస్తకముల వలెనే పనిముట్లను ఎరువిచ్చుచున్నది. ఈ రజతోత్సవ వత్సరమున ఒక బీరువా అరను అందులకు కేటాయించి, ఒక టార్కు పానాను, 27 మొదలు 36 వరకు పెద్ద సాకెట్టులను ఉంచినచో, పుస్తకముల చిట్టాయే వాటికిని చాలును. నిషేధ దినములలో అందఱును ఒక్కసారి అడుగుదురనుట నిజమే. అందుచేత ఎరువు గడువు రెండు దినములకు మించరాదు.

తిరిగి తెచ్చువాడు వాటిని మంచినీట తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలుచగా పట్టించి తేవలెను. రాచెట్టు తలలో చిక్కని గ్రీజు కూరరాదు; నాలుక దానిలో ఇఱుకుకొని పంటిని అందుకొనదు. ఇంజనులో వాడి తీసిన నూనె ఆమ్లము గలది, అదియు వలదు. టార్కు పానాను మాత్రము నూనెలోను, కిరసనాయిలులోను ముంచరాదు. దాని పిడిని వెనుకకు త్రిప్పి, అంకెలలో అన్నిటికంటె చిన్నదానికి తెచ్చి బీరువాలో పెట్టవలెను. బిగువుగా ఉంచినచో లోని స్ప్రింగు అలసి తప్పు చెప్పును. ఏడాదికి ఒకమారు గాని, ఐదువేల బిగింపులకు ఒకమారు గాని దానిని పరీక్షకు పంపవలెను. చిట్టాలో ఆ తేదీకి ఒక గడి ముందుగనే గీసి యుంచుట సులభము.