పీతలోని గడియారం



హైదరాబాదు వచ్చిన రైతు నాంపల్లి స్టేషనులో దిగి అబిడ్సు వైపు నడిచాడంటే దగ్గరలోనే మొజంజాహీ మార్కెట్టు వున్నది. 1935లో రాతితో కట్టిన మార్కెట్టు అది. చాలాకాలం పట్నంలో పళ్ళ బేరాలకు అదే పెట్టింది పేరు. ఆ మార్కెట్టు గోపురం మీద ఒక పెద్ద గడియారం వున్నది. గడియారం తన మానాన తాను నడుస్తుంది. కాని దూరాన పనిలో వున్నవాడికి వేళ తెలియాలంటే గంట మోగాలి గదా! యీ రెండు మాటలూ జ్ఞాపకం పెట్టుకోండి: నడిచేది గడియారం, కబురు చెప్పేది గంట. యివాళ చెప్పుకోబోయే పీత సంగతంతా యీ రెండు మాటలలోనే వున్నది. తెలంగాణాలో ఎండ్రకాయ అన్నా, కోస్తాలో పీత అన్నా ఒకటే.

"పీతకు గడియారమేమిటి?" అని మీరు నవ్వవచ్చు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి వెళ్ళి చూడండి. సముద్రం పోటు తీసిన వేళ బురద మీద వేలకొద్దీ చిన్న పీతలు కనిపిస్తాయి. మగపీతకు ఒక డెక్క చాలా పెద్దది, రెండవది చాలా చిన్నది. ఫిడేలు వాయించేవాడి వాటంగా వుంటుందని వాటికి ఫిడ్లర్ పీతలని పేరు పెట్టారు. పాటు వేళ పైకి వచ్చి మేస్తాయి, పోటు వేళకు బొరియలోకి దూరుతాయి. ఒక పోటుకూ మరొక పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే నేటి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందన్నమాట. ఆ లెక్క పీతకు ఎవరూ నేర్పలేదు.

నీళ్ళు వస్తున్నాయని చూచి దూరుతున్నదేమో ననుకోవచ్చు. ఆ అనుమానం శాస్త్రజ్ఞులకూ వచ్చింది. యీ పీత పగలు నల్లగా వుంటుంది, రాత్రి వెలవెలబోతుంది. అమెరికాలోని వుడ్స్ హోల్ పరిశోధనాలయంలో ఫ్రాంక్ బ్రౌన్, మార్గరెట్ వెబ్ అనేవారు యీ పీతలను చీకటిగదిలో పెట్టారు. పగలేదో రాత్రేదో తెలిసే దారి లేదు. అయినా పీతలు రోజూ వేళకు నల్లబడుతూనే వున్నాయి, వేళకు తెల్లబడుతూనే వున్నాయి. చల్లటి నీళ్ళలో వుంచినా ఆ గడియారం నెమ్మదించలేదు. యీ సంగతి 1948లో ప్రకటించారు. కాబట్టి గడియారం బయట ఆకాశంలో మాత్రమే కాదు, పీత లోపల కూడా వున్నదని తేలింది.

మన తెలుగువారు కూడా యీ శోధనలో పాలు పంచుకున్నారు. పంపాపతిరావుగారు సముద్రపు ఆలిచిప్పల మీద పరిశోధన చేసి 1954లో ప్రకటించారు. ఆలిచిప్ప నీటిని లోపలికి లాగి వదిలే వేగం కూడా పోటుపాటులను అనుసరించి హెచ్చుతగ్గులవుతున్నదని, చిప్పను వేరే తీరానికి తీసుకుపోతే కొత్త తీరపు వేళలకు తన గడియారాన్ని దిద్దుకుంటుందని ఆయన చూపారు. అత్తవారింటికి వెళ్ళిన పిల్ల ఆ యింటి వేళలకు అలవాటు పడినట్లన్నమాట.

యిక గంట సంగతి. లోపల వేళ అయిందని ఒళ్ళంతటికీ తెలియజేసేది ఎవరు? రక్తంలో ప్రవహించే రసాయనాలు. వీటినే హార్మోనులంటారు. పీత కళ్ళు చిన్న కాడల మీద వుంటాయి. ఆ కంటి కాడలోనే హార్మోనులు తయారుచేసి నిలవచేసే గ్రంథులున్నాయి. ఫిడ్లర్ పీత కంటి కాడలు తీసివేస్తే ఒళ్ళు వెలవెలబోతుంది. ఆ కాడలు నూరిన రసం ఎక్కిస్తే తిరిగి నల్లబడుతుంది.

కంటి కాడలోని మరొక హార్మోను పని "ఆగు" అనడం. పీతకు పైన గట్టి పెంకు వున్నది. లోపలి ఒళ్ళు పెరిగినా పెంకు పెరగదు. అందుచేత అప్పుడప్పుడు పాత పెంకు విడవాలి. విడిపించే హార్మోను తల దగ్గర వేరే గ్రంథిలో పుడుతుంది. కాడలోని హార్మోను దానిని ఆపి వుంచుతుంది. అనువైన వేళ వచ్చేదాకా బండికి చక్రం కింద రాయి పెట్టినట్లు. రాయి తీస్తే బండి కదిలినట్లు, ఆపే హార్మోను తగ్గితే పెంకు వూడుతుంది. గుడ్ల ఎదుగుదలకూ కాడలో యిలాటి అడ్డే వున్నది. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మన పొలం పీత మీదనే యిటువంటి పరిశోధనలు ఎన్నో జరిగాయి.

"సరేనయ్యా, మాకేమిటి లాభం?" అంటారా? చెబుతాను.

మొదటిది వరిపొలం. పీత గట్టుకు బొరియ పెడితే నీరు కారిపోతుంది, లేత నారు తుంచుతుంది. కోపం వచ్చి కొందరు బొరియలో పురుగుమందు పోస్తారు. యిది మంచి పని కాదు. ఆ మందు కాలువలోకి, అక్కడినుంచి చెరువులోకి దిగుతుంది. చేపలూ పోతాయి, పశువులు తాగే నీరూ పాడవుతుంది. మరొక ముఖ్యమైన సంగతి. పురుగుకూ, పీతకూ, రొయ్యకూ పెంకు విడిపించే హార్మోను ఒకే కోవకు చెందినది. పురుగు పొర విడవకుండా చేసే మందులు కొన్ని వున్నాయి. అవి రొయ్య పెంకుకూ చేటు చేస్తాయి. మీ చేలో చల్లిన మందు పక్కవాడి రొయ్యల చెరువును తీయకూడదు గదా! పొలం పీత సాధారణంగా రాత్రి మేతకు వస్తుంది. ఆ వేళ దీపం పట్టుకుని వెళ్ళి ఏరుకోండి. గట్టూ నిలుస్తుంది, కూరా అవుతుంది.

రెండవది బేరం. అబిడ్సుకు దగ్గరలోనే వున్న బేగంబజారు చేపల మార్కెట్టుకు పోతే ఒకే పరిమాణంలో వున్న రెండు పీతలు ఒకటి బరువుగా, ఒకటి తేలికగా తగులుతాయి. తేలికది కొత్తగా పెంకు విడిచినది. లోపల కండకన్న నీరే హెచ్చు. అడుగుభాగం నొక్కితే లొంగుతుంది. కోస్తాలో మండ పీతలు పట్టేవారు యిలాటి నీటి పీతలను తక్కువ ధరకు అమ్ముకుని నష్టపోతుంటారు. వాటినే మూడు నాలుగు వారాలు చెరువులో మేపితే కండ పడుతుంది, ధర పెరుగుతుంది. పీత గడియారం తెలిసినవాడికి ఆ మూడు వారాలే లాభం.

మూడవది రొయ్యపిల్లల ఉత్పత్తి. 1943లో పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కంటి కాడ తీసిన రొయ్యకు గుడ్లు త్వరగా ఎదుగుతాయని చూపాడు. ఆ సూత్రం మీదనే హేచరీలలో తల్లిరొయ్యకు ఒక కంటి కాడ తీసివేసే పద్ధతి వచ్చింది. అయితే తల్లికి అది బాధే, ఒంటికి దెబ్బే. అందుచేత కాడ తీయకుండానే, మంచి మేత, వెలుతురు, నీటి వేడి సరిచూచి గుడ్లు పెట్టించే దారులు ఇప్పుడు వెతుకుతున్నారు. గంట పగలగొట్టేకన్న గడియారాన్ని తెలుసుకోవడం మేలు గదా!

చేపలకూ యిదే సూత్రం. బొచ్చె, రోహు నిలవనీటి చెరువులో గుడ్లు పెట్టవు. వాటి గడియారం వరద నీటిని కోరుతుంది. 1957 జులై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గార్లు చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఎక్కించి పెంపుడు చేప చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే నేడు మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నారు.

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందుకోసం జనం బారులు తీరుతారు. మత్స్యశాఖవారు కొరమీను పిల్లలను అక్కడికి తెస్తారు. మందు గుణమెంత అన్నది వైద్యులు తేల్చవలసిన మాట. మన మాట కొరమీను గురించి. తొలకరి నీరు చేరిన దగ్గరనుంచి అది జత కట్టి గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లల గుంపును తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. ఆ వేళ గుంపు చూచి పెద్దచేపను పట్టారనుకోండి, దక్కేది ఒక్క చేప, పోయేది గుంపంతా. గుంపు కనిపించినప్పుడు వల పక్కన పెట్టండి. పిల్లలు చెదిరి ఎవరి మేత వారు వెతుక్కునేదాకా ఆగండి. మీ చెరువే మీకు విత్తనం యిస్తుంది.

కార్తెలు చూచి విత్తనం చల్లేవారు మీరు. పీతకూ, రొయ్యకూ, చేపకూ కూడా కార్తెలున్నాయి. వాటిని కూడా చూచి పని చేస్తే చెరువూ, గట్టూ, యిల్లూ మూడూ బాగుంటాయి.