బడిలో బిడ్డకు హాని జరిగితే: తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన దారులు

మేడ్చల్, శామీర్‌పేట మండలాల అమ్మలకు, అక్కలకు, అన్నలకు ఈరోజు ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. పింఛను ఎట్ల మీ హక్కో, బిడ్డకు న్యాయం కూడా అట్లనే మీ హక్కు.

2022 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాపపై లైంగిక దాడి బయటపడింది. తల్లిదండ్రులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితుడికి 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఆ బడి పేరు నేను చెప్పను. బిడ్డ ఎవరో తెలిసే వివరాలు, చదివే బడితో సహా, బయటపెట్టొద్దని పోక్సో చట్టమే అంటుంది. "ఇజ్జత్ పోతది" అని భయపడే వాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మొదట ఏం చేయాలి?

బడి వాళ్లతో పంచాయితీ పెట్టుకోకండి. 112కు గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ ఫోన్ చేయండి. లేదా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. బడి మేడ్చల్‌లో ఉండి, మీ ఇల్లు శామీర్‌పేటలో ఉన్నా సరే, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. సాక్ష్యం మీరు తేనక్కర్లేదు, అది పోలీసుల పని.

బిడ్డ బట్టలు ఉతకకండి, కాగితం కవర్లో పెట్టండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎఫ్ఐఆర్ లేదని వైద్యం ఆపకూడదు, డబ్బులు అడగకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. బిడ్డను పదే పదే అడిగి విసిగించకండి. పోలీసులు యూనిఫాం లేకుండా, మీ ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. మగపిల్లలకూ ఈ చట్టమే వర్తిస్తుంది.

"రాజీ పడండి, టీసీ ఇచ్చేస్తాం" అంటే?

ఒప్పుకోకండి. సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరం. తన కింద పనిచేసేవాడి తప్పును దాచిన బడి పెద్దకు ఏడాది వరకు జైలు పడుతుంది.

పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోతే?

డీసీపీకి రాతపూర్వకంగా పోస్టులో పంపండి. అప్పటికీ కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. వకీలు ఖర్చుకు భయం వద్దు. మహిళలకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. నంబరు 15100. కేసు నడుస్తుండగానే మధ్యంతర పరిహారం ఇవ్వమని ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చు. దానికోసం ఏ దళారికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

కొట్టినా ఇంతేనా?

సారు కొడితేనే చదువు వస్తదని మనమే అంటుంటాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. జిల్లా విద్యాశాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. గాయమైతే పోలీసులకూ ఇవ్వండి.

ఇవాళ ఇంటికెళ్లి ఫోన్‌లో మూడు నంబర్లు ఎక్కించుకోండి: 112, 1098, 15100. ఆ తర్వాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు ఏం చెప్పినా నమ్ముతా" అని చెప్పండి. కేసు మొదలయ్యేది అక్కడే.